నిశ్చింతకు సున్నా మార్కులు

కమాండర్ దువ్వారపు కూర్మారావు చేసే ఉద్యోగంలో ఏమీ దొరక్కపోవడమే శుభవార్త.

ఆయన నడిపే ఓడ పేరు ‘నిశ్చింత’. ముక్కురేవు నౌకాస్థావరంలో అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా పాతది, పైగా కర్రది. కర్ర ఓడని చూసి నవ్వేవాళ్ళకి కూర్మారావు ఓపిగ్గా చెప్పేవాడు. యుద్ధమొస్తే శత్రువు మన రేవు ముందర నీళ్ళలో మైన్లు దాచిపెడతాడు. అంటే సముద్రపు మందుపాతరలు. ఇనుము దగ్గరకొస్తే చాలు, వాటిలో కొన్ని పసిగట్టి పేలిపోతాయి. అందుకే వాటిని ఏరే ఓడని కర్రతో కడతారు. ‘నిశ్చింత’ తన వెనక పొడవాటి ఉక్కుతాడు ఈడ్చుకుంటూ సముద్రాన్ని ఊడుస్తుంది. అడుగున గొలుసుతో కట్టి ఉన్న మైను ఆ తాడుకి తగిలితే గొలుసు తెగి పైకి తేలుతుంది. అప్పుడు దూరం నుంచి కాల్చి పేల్చేస్తారు.

ఇందులో ఇబ్బంది ఒక్కటే. తాడు ఓడ వెనక ఉంటుంది. ఓడకి ముందు ఏమీ ఉండదు.

కూర్మారావు ఉద్యోగంలో చేరాక యుద్ధం రాలేదు. వారం వారం రేవు ముందరి ఓడలదారి అంతా ఊడ్చి, కంట్రోల్ రూముకి “ఏమీ లేదు సార్” అని చెప్పి, ఇంటికెళ్ళి చారన్నం తిని కునుకు తీసేవాడు. ఆ రెండు మాటలంటే ఆయనకి ఎంత గర్వమో చెప్పలేం. అవి విన్నాకే యుద్ధనౌకలు కదిలేవి. జాలర్ల పడవలు కూడా ఆ దారినే వేటకెళ్ళేవి.

అలాంటి రోజుల్లో నౌకాదళానికి ఫలితాల జ్వరం పట్టుకుంది.

ఏ ఓడ ఎంత పని చేస్తోందో తేల్చడానికి రాజధాని నుంచి డాక్టర్ వాగీశం అనే నిపుణుణ్ణి పంపించారు. ఆయన అంతకుముందు విద్యాశాఖలో పనిచేసి, పదో తరగతిలో నూటికి నూట రెండు శాతం ఉత్తీర్ణత సాధించిపెట్టిన మనిషి. సన్నగా, శుభ్రంగా, ఎప్పుడూ ఇప్పుడే ఇస్త్రీ చేసినట్టు ఉంటాడు. సముద్రాన్ని ఆయన మొదటిసారి చూసింది ముక్కురేవులోనే. చూసి, “ఇందులో ఉపయోగంలో లేని విస్తీర్ణం చాలా ఉన్నది” అన్నాడు.

వచ్చిన వారంలోనే ఓడల అధికారులందర్నీ సమావేశపరిచాడు. స్థావరం పెద్ద అడ్మిరల్ చక్రధరరావు పక్కన కూర్చుని, అర్థమైనా కాకపోయినా సమానంగా తలూపుతున్నాడు.

“నావికా మిత్రులారా!” అని మొదలెట్టాడు వాగీశం. “నేటి నుండి ‘ఫలితమే ప్రతిష్ఠ’ పథకము అమలులోనికి వచ్చినది. ఏ నౌకకు ఏ పాత్ర కేటాయించబడినదో ఆ పాత్రకు తగిన ఫలితము అంకెలలో కనబడవలెను. డిస్ట్రాయర్ ‘విధ్వంసి’ అధిపతి ఎవరు?”

ఒక బుర్ర మీసాల కెప్టెన్ లేచి నిలబడ్డాడు.

“డిస్ట్రాయర్ అనగా నాశనము చేయునది. గత సంవత్సరము తమరు ఏమి నాశనము చేసితిరి?”

“యుద్ధం లేదు కదండీ.”

“శాంతిని సాకుగా చూపరాదు. ఉన్న వనరులతోనే నాశనము చేయవలెను.”

కెప్టెన్ మీసం నిమురుకుంటూ ఆలోచించాడు. “పోయిన నెల మలుపు సరిగ్గా తిరగక జెట్టీని గుద్దేశామండి. రెండు స్తంభాలు కూలాయి.”

“మరి నివేదికలో ఎందుకు చూపలేదు? అతి వినయము కూడా అసమర్థతయే” అని వాగీశం ఆయనకి ‘సి’ గ్రేడిచ్చాడు.

తర్వాత జలాంతర్గామి ‘గుప్తం’ వంతు. దాని కెప్టెన్ రొమ్ము విరుచుకుని, “ఏడాదంతా ఎవరికీ కనబడలేదు సార్!” అన్నాడు.

“నాకును కనబడలేదు. నా అభ్యంతరము అదియే. కనబడని పనికి మార్కులు ఎట్లు వేయుదును?”

ఆసుపత్రి ఓడ ‘ఆరోగ్య’లో సంవత్సరం మొత్తానికి వచ్చిన రోగి ఒక్కడు. ఆ ఓడ వంటవాడే, సెగ్గడ్డతో. దానికీ ‘డి’. మొత్తం స్థావరంలో ‘ఎ ప్లస్’ వచ్చింది బ్యాండు మేళానికి మాత్రమే. అది చేసే చప్పుడు కొలవడానికి వీలుగా ఉంది.

చివరికి కూర్మారావు లేచాడు.

“ఎన్ని మైన్లు ఏరితిరి?”

“ఏమీ లేవు సార్.”

“అంతకుముందు సంవత్సరము?”

“అప్పుడూ లేవు సార్. దారంతా శుభ్రంగా ఉంది.”

“వెతికితిరా?”

“వారం వారం వెతికాం.”

“వెతుకుట శ్రమ మాత్రమే. దొరుకుట ఫలితము.” వాగీశం జాలిగా చూశాడు. “సున్నా. మూడు నెలల్లో పరిస్థితి మెరుగుపడనిచో మీ నౌకను తేలియాడు కల్యాణ మండపముగా మార్చుటకు ప్రతిపాదించుచున్నాను. కర్రది గనుక అలంకరణకు మేకులు కొట్టుట సులభము.”

అడ్మిరల్ తలూపాడు.

కూర్మారావుకి ఆ రోజు చారన్నం దిగలేదు. భార్య హైమవతి ఏమైందని అడిగింది. “ఓడలో పెళ్ళిళ్ళు చేస్తారట” అన్నాడు. ఆవిడ మంచి విషయమే అనుకుని, వంటలెవరు చేస్తారని అడిగింది.

తర్వాతి రోజుల్లో ముక్కురేవు ఫలితాలతో కళకళలాడిపోయింది. ‘విధ్వంసి’ పాతబడిన లైట్‌హౌసుని ఫిరంగులతో కూల్చేసి ‘బి’ సంపాదించింది. ‘ఎ’ కోసం క్యాంటీను మీద కన్నేసింది. జలాంతర్గామి ‘గుప్తం’ సాయంత్రమయ్యేసరికి బీచికి దగ్గర్లో రంగురంగుల సీరియల్ బల్బులు వేసుకుని తేలేది. జనం మురీ మిక్చర్ తింటూ చూసి చప్పట్లు కొట్టేవాళ్ళు. ‘ఆరోగ్య’ సిబ్బంది చిన్న బోట్లేసుకుని తిరుగుతూ, తుమ్మినవాణ్ణల్లా స్ట్రెచర్ మీద ఎక్కించి తీసుకెళ్ళేవాళ్ళు. ఊళ్ళో జనం ముక్కు దురద పెట్టినా చేత్తో మూసుకుని ఇళ్ళలోకి పరిగెత్తడం నేర్చుకున్నారు.

కూర్మారావు మాత్రం ఏం చేస్తాడు? సముద్రం అడుగు నుంచి లాగగలిగినవన్నీ లాగాడు. తుప్పుపట్టిన డ్రమ్ములు, లారీ టైర్లు, ఎవరో నిమజ్జనం చేసిన వినాయకుడి ఇనప చట్రం. వాటిని ‘మైన్ల వంటి వస్తువులు’ అని నివేదించాడు. వాగీశం వచ్చి, వినాయకుడి చట్రానికి దణ్ణం పెట్టి, “గుర్తింపు పొందిన మైన్లకే మార్కులు” అని కొట్టేశాడు.

అప్పటికి కూర్మారావుకి విసుగు నషాళానికెక్కింది. “ఎవరైనా వేస్తే కదా సార్, మేం తీయడానికి!” అనేశాడు.

అనకూడని మాట అది. వాగీశం కళ్ళు మెరిశాయి.

“అనగా ఇది మీ లోపము కాదు, సమన్వయ లోపము! మన దళములో మైన్లు వేయు నౌక ఏదియు లేదా?”

ఉంది. దాని పేరు ‘ప్రళయం’. దాని కమాండర్ ఉగ్రనరసింహం ఉద్యోగమంతా మైన్లకి నూనె రాసి తుడవడంతోనే గడిపాడు. ఒక్కటంటే ఒక్క మైను నీళ్ళలో వేసిన పాపాన పోలేదు. కబురందగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. “రిటైరయ్యేలోగా ఈ రోజు వస్తుందనుకోలేదు సార్” అన్నాడు.

ఆజ్ఞ వెలువడింది. ‘ప్రళయం’ రేవు ముందరి ఓడలదారిలో మైన్లు వేయవలెను. ‘నిశ్చింత’ వాటిని తీయవలెను. తద్వారా రెండు నౌకలకును ఫలితము సిద్ధించును.

కూర్మారావు పరుగున వెళ్ళి అడ్మిరల్ ముందు నిలబడ్డాడు. వాగీశం అక్కడే ఉన్నాడు.

“కనీసం మందు లేని ఉత్తి డొల్లలు వేయించండి సార్.”

“నకిలీ మైన్లు తీసిన వచ్చునది నకిలీ ఫలితము” అన్నాడు వాగీశం. “ఆడిట్ వారు ఒప్పుకొనరు.”

“పోనీ, ఎక్కడెక్కడ వేస్తారో చెప్పండి.”

వాగీశం నొచ్చుకున్నాడు. “కమాండర్! పరీక్షకు ముందే ప్రశ్నపత్రము కోరుచున్నారా?” అడ్మిరల్ వైపు తిరిగి, “లీకులను అరికట్టుటకు మరొక జాగ్రత్త తీసుకొంటిని. మైన్లు ఎచ్చట వేసినదీ, వేసినవారు సైతము వ్రాసుకొనరాదు” అన్నాడు.

అడ్మిరల్ మెచ్చుకోలుగా తలూపాడు.

‘ప్రళయం’ తన పని చేసుకొచ్చింది. ఓడలన్నీ రేవులోనే ఉండిపోయాయి. జాలర్లు వేటకెళ్ళరాదని దండోరా వేయించారు. పొరుగు దేశపు పత్రికలు, తన రేవుని తానే దిగ్బంధం చేసుకున్న నౌకాదళం గురించి మొదటి పేజీలో రాశాయి. అడ్మిరల్ ఆ కాగితం కత్తిరించి గోడకి అంటించాడు. ముక్కురేవు పేరు మొదటి పేజీలో రావడం అదే మొదలు.

మర్నాడు గేటు దగ్గర జాలరి ఆడవాళ్ళు గుమిగూడారు. ముందున్నది గనగళ్ళ పోలమ్మ. చేపలమ్ముకునే మనిషి. ఆవిడ మాటకి జాలరిపేటంతా కట్టుబడుతుంది. కూర్మారావు ఇంటికి చేపలు తెచ్చేది ఆవిడే.

“ఏటి బాబూ, మా సముద్రంలో బాంబులేసినారట. నిజివేనా?”

“నిజమే పోలమ్మా.”

“ఎవులేసినారు? పైదేశపోల్లా?”

“కాదు. మేమే.”

“మీరేనా! ఎందుకు బాబూ?”

“మళ్ళీ మేమే తీయడానికి.”

పోలమ్మ తల మీది ఖాళీ గంప దించి కింద పెట్టింది. “మీకేటైనా గాలి సోకినాదా బాబూ? రెండు నెల్లు ఏట బందు పెట్టి, ఇప్పుడే కదా వొదిలినారు. పిల్లలికి పుస్తకాలు కొనాల. వలలికి అప్పులు సేసున్నాం. ఇప్పుడు బాంబులని కూకోబెడితే ఏటి తినీది?”

కూర్మారావుకి తలెత్తి చూడ్డానికి ముఖం చెల్లలేదు. “తీసేస్తానమ్మా. ఒక్కటి కూడా మిగల్చను” అన్నాడు.

అన్నట్టుగానే తీశాడు. ఆయనకి సాయంగా ఉండే లెఫ్టినెంట్ నజ్మా ఓడ ముందు కొసన నిలబడి నీళ్ళలోకి చూస్తుండగా, అంగుళం అంగుళం ఊడ్చుకుంటూ వెళ్ళాడు. మైన్లు పైకి తేలడం మొదలైంది. నల్లటి గుండ్రటి డొల్ల, దాని చుట్టూ కొమ్ములు. కొమ్ముకి ఏది తగిలినా అంతే సంగతులు. ఒక్కొక్కటే పేల్చేశారు. పేలినప్పుడల్లా ఒడ్డున వాగీశం మార్కులేసుకున్నాడు.

‘నిశ్చింత’కి ‘ఎ ప్లస్’ వచ్చింది. కూర్మారావు ఛాతీకి ఒక పతకం గుచ్చారు. బ్యాండు మోగింది. అందరూ అభినందించారు. ఆ ఒక్క సాయంత్రం మాత్రం, పతకం పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డప్పుడు కూర్మారావుకి కూడా కొంచెం బాగానే అనిపించింది.

“మనవాళ్ళు వేసినవి మనమే తీస్తే పతకం దేనికండీ?” అంది వెనక నుంచి హైమవతి.

ఆయన గబగబా తీసి జేబులో పెట్టుకున్నాడు.

పని అక్కడితో అయిపోయిందనుకున్నాడు పాపం. పథకాలు అంత తొందరగా అయిపోతాయా? వచ్చే నెల లక్ష్యం పది శాతం పెంచుతూ ఆజ్ఞ వచ్చింది. దానికి తోడు ఉగ్రనరసింహం అలిగాడు. తన మైన్లన్నీ దొరికిపోయాయి కాబట్టి ‘ప్రళయం’ పరీక్ష తప్పినట్టు లెక్కగట్టారు. దొరికిన మైను చెడిపోయిన మైనుతో సమానం. ఈసారి ఎవరి తాతా కనిపెట్టలేని చోట వేస్తానని క్లబ్బులో అందరి ముందూ ఒట్టేశాడు.

అలా వేయడం, తీయడం, మళ్ళీ వేయడం. మధ్యలో దారి తెరుచుకునేది రెండు మూడు రోజులే. జాలర్లు ఆ కాస్త వ్యవధిలో తెచ్చుకున్న చేపలతో మిగతా రోజులు లాగించేవాళ్ళు. ఒకరోజు సంతలో పోలమ్మ ఎదురుపడింది. కూర్మారావు పండగ యూనిఫాంలో ఉన్నాడు. పతకం మెరుస్తోంది.

“బిల్ల బాగుంది బాబూ” అంది పోలమ్మ. “పొయ్యి మీద పెడితే ఉడుకుతాదా?”

ఆ మాటలో కోపం లేదు. అందుకే ఆయనకి ఎక్కువ గుచ్చుకుంది.

ఇంతలో నౌకాదళ దినోత్సవం వచ్చింది. రాజధాని నుంచి మంత్రిగారు దిగారు. ‘విధ్వంసి’ ఒక పాత పడవని ఎలా నాశనం చేస్తుందో కళ్ళారా చూస్తానన్నారు. అడ్మిరల్ ఆయన్ని ఎక్కించుకుని, అప్పటికి ‘నిశ్చింత’ శుభ్రం చేసి పెట్టిన దారిలో నడిసముద్రంలోకి తీసుకెళ్ళాడు.

పొద్దెక్కుతుండగా కూర్మారావు జెట్టీ మీద నిలబడి ఉంటే, ‘ప్రళయం’ తిరిగొస్తూ కనిపించింది. దాని డెక్కు ఖాళీగా ఉంది. ఉగ్రనరసింహం ముఖం వెలిగిపోతోంది.

“ఎక్కడికెళ్ళొస్తున్నావయ్యా?” అన్నాడు కూర్మారావు.

“ఇంకెక్కడికి? ఈ నెల మైన్లు వేసొచ్చాను.”

“దారిలోనా? మంత్రిగారు బయటున్నారు కదా!”

ఉగ్రనరసింహం నవ్వు ఆగిపోయింది. “టైంటేబుల్లో ఇవాళేనని ఉంది. మంత్రిగారి గురించి అందులో లేదే.”

“సరే, ఎక్కడెక్కడ వేశావో చెప్పు. వాగీశానికి తెలియనివ్వను.”

“నాకేం తెలుసు? రాసుకోవద్దన్నారు.”

“చూసి ఉంటావుగా!”

“అదే... ఈసారి పకడ్బందీగా ఉండాలని... వేసేవాళ్ళందరికీ కళ్ళకి గంతలు కట్టించాను. నేనూ కట్టుకున్నాను.”

కూర్మారావు వాగీశానికి ఫోను చేశాడు. అవతలి నుంచి ప్రశాంతంగా జవాబొచ్చింది. “ఊడ్చుటకు నిర్ణీత దినము ఒకటవ తారీఖు. ముందుగా ఊడ్చుట మాల్‌ప్రాక్టీసు కిందికి వచ్చును. అత్యవసర మినహాయింపు కావలసినచో అడ్మిరల్ గారు స్వయముగా నా కార్యాలయమునకు విచ్చేసి సంతకము చేయవలెను.”

“ఆయన సముద్రంలో ఇరుక్కుపోయారు సార్!”

“కార్యాలయము సాయంత్రము వరకు తెరిచియే యుండును” అని ఫోను పెట్టేశాడు.

అప్పుడే పేట వైపు నుంచి ఇంజన్ల చప్పుడు వినబడింది. పడవలు వరసగా నీళ్ళలోకి దిగుతున్నాయి. ముందు పడవలో పోలమ్మ మొగుడు ఎల్లాజి చుక్కాని పట్టుకున్నాడు. అతని పక్కన పోలమ్మ కూర్చుని ఉంది. కూర్మారావు జెట్టీ చివరికి పరిగెత్తి రెండు చేతులూ ఊపాడు.

“పోలమ్మా! ఆగండి! మళ్ళీ వేశారు!”

“తెలుసు బాబూ!” అని అరిచింది పోలమ్మ. “ఇంటికాడ కూకుంటే ఆకలికి పోతాం. ఏటకెల్తే మీ బాంబుకి పోతాం. ఏటకెల్తే సేపలైనా సిక్కుతాయి కదా!”

“నువ్వెందుకెక్కావమ్మా?”

“ఆడది పడవెక్కకూడదంటారు. పోతే ఇద్దరం పోదారని ఎక్కీసినాను.”

ఎల్లాజి ముందుకే చూస్తున్నాడు. చుక్కాని మీద అతని చెయ్యి గట్టిగా బిగుసుకుని ఉండడం కూర్మారావుకి జెట్టీ మీంచే కనిపించింది.

కూర్మారావు వెనక్కి తిరిగి ‘నిశ్చింత’ ఎక్కాడు. మెగాఫోను తీసుకున్నాడు. “అయితే నా వెనక రండి! నా తాడు వెంబడే రావాలి. కుడికీ పోవద్దు, ఎడమకీ పోవద్దు. నేను ఆగితే ఆగండి!”

తర్వాత తన సిబ్బంది వైపు తిరిగాడు. “ఇవాళ మనకి ఆర్డరు లేదు. వెళ్ళినందుకు ఉద్యోగాలు పోవచ్చు, ఇంకేమైనా పోవచ్చు. దిగాలనుకున్నవాళ్ళు దిగిపోండి. నేనేమీ అనుకోను.”

“దిగడానికి ఇప్పుడు ఈత రావాలి సార్” అంది నజ్మా. “మీరు మెగాఫోను తీసుకున్నప్పుడే తాళ్ళు విప్పించేశాను.”

చూస్తే జెట్టీ అప్పటికే దూరంగా జరిగిపోయింది.

నెమ్మదిగా కదిలారు. ముందు కర్ర ఓడ, దాని వెనక ఉక్కుతాడు, తాడు వెనక ఒకదాని వెంట ఒకటి పడవలు. ఇన్నాళ్ళూ కూర్మారావు ఊడ్చిన చోటు ఖాళీ చోటు. వెనక ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఇవాళ మెడ తిప్పితే చాలు, పడవల్లో మనుషుల ముఖాలు కనబడుతున్నాయి. ఎవరో బీడీ వెలిగించుకుంటున్నారు. ఎవరో వల సర్దుకుంటున్నారు. తను ముందున్నాడు కాబట్టి తమకేమీ కాదని వాళ్ళు నమ్మేశారు. ఆ నమ్మకం ఆయన వీపు మీద బరువుగా ఆనింది.

మొదటి మైను తేలింది. పేల్చారు. రెండోది తేలింది. పేల్చారు. పడవల్లోంచి ఈలలు వేశారు. దారి మధ్యకి వచ్చేసరికి నజ్మా గొంతు చీలిపోయేలా అరిచింది.

“ముందుంది సార్! సరిగ్గా ముందుంది!”

గొలుసు వదులుగా కట్టిన మైను ఒకటి నీళ్ళలో బాగా పైకి వచ్చి, ఓడ ముక్కుకి ఎదురుగా ఊగుతోంది. కూర్మారావు ఇంజన్లు వెనక్కి తిప్పించాడు. ఓడ ఆగింది కానీ అల ఆగలేదు. అల మైనుని ఎత్తి ఓడ పక్కకి తోసుకొచ్చింది. అంత దగ్గర్లో కాల్చడానికి లేదు. డెక్కు తుడుస్తున్న నావికులు ఇద్దరు చేతిలో ఉన్న తడి మాపులతోనే వంగి, కొమ్ములు తగలకుండా ఆ డొల్లని ఒత్తి పట్టుకున్నారు. నజ్మా మూడో మాపు అందుకుంది. ముగ్గురూ దాన్ని ఓడ పొడుగునా కొంచెం కొంచెంగా నెట్టుకుంటూ నడిచారు. కూర్మారావు పెదాలు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకున్నాననే తర్వాత చెప్పాడు. పక్కనున్న నావికుడు మాత్రం అవి వాగీశానికి వినిపించాల్సిన మాటలన్నాడు.

మైను ఓడ చివర దాటింది. తాడుకి చిక్కి, గొలుసు తెగి, దూరంగా కొట్టుకుపోయింది. ఏ పడవా దాని దగ్గరికి పోకుండా ఎల్లాజి చుక్కాని ఒక్క తిప్పు తిప్పి, తన పడవని అడ్డంపెట్టి వెనకున్నవాళ్ళందర్నీ ఆపాడు. తుపాకీ పేలింది. నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు లేచి వాళ్ళందరి మీదా పడ్డాయి.

మైన్ల సంగతి రేడియోలో విని, దారి అవతలి కొస దగ్గరే ‘విధ్వంసి’ లంగరేసుకుని ఉంది. డెక్కు మీద మంత్రిగారు బకెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. సముద్రం ఆయనకి పడలేదు. అడ్మిరల్ రేడియోలో అరిచాడు. “కూర్మారావ్! తక్షణం వెనక్కి తిరుగు. మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళు. ఇది ఆర్డర్!”

“పడవలన్నీ బయటికొచ్చాక తిరుగుతాను సార్.”

“ఇక్కడ మంత్రిగారున్నారు!”

“అక్కడే ఉండమనండి సార్. కదిలితే ప్రమాదం.”

పడవలు ఒక్కొక్కటే ‘విధ్వంసి’ పక్క నుంచి నడిసముద్రంలోకి వెళ్ళిపోయాయి. మంత్రిగారు అలవాటుకొద్దీ బకెట్టు మీంచి చెయ్యెత్తి ఊపారు. పోలమ్మ ఆయన ముఖం చూసి జాలిపడింది.

“దిగి వొచ్చీండి బాబూ! మా పడవలో కూకోండి. సేపల్తోపాటు దించీస్తాం!”

మంత్రిగారు సెక్యూరిటీ వాళ్ళని అడిగి, నిజంగానే నిచ్చెన తెప్పించబోయారు. అడ్మిరల్ బతిమాలి ఆపాడు. చివరి పడవ దాటాక ‘నిశ్చింత’ వెనక్కి తిరిగింది. అంత పెద్ద డిస్ట్రాయరూ ఆ చిన్న కర్ర ఓడ వెనక తలొంచుకుని రేవులోకి వచ్చింది.

తర్వాత కూర్మారావు ఎవర్నీ అడగలేదు. రోజూ పడవలతోపాటే వెళ్ళాడు, వాటితోపాటే వచ్చాడు. ‘ప్రళయం’ గోదాము నుంచి తీసుకెళ్ళిన మైన్లలో ఆఖరిది కూడా పేలిపోయిందని తేలాక పతకాన్ని కవర్లో పెట్టి అడ్మిరల్ ఆఫీసులో ఇచ్చేశాడు. ఆ రోజు పోలమ్మ పెద్ద కోనెం చేప తెచ్చి ఇంటి గుమ్మంలో పెట్టింది. హైమవతి డబ్బులివ్వబోతే, “ఉంచమ్మా” అని గంపెత్తుకుని వెళ్ళిపోయింది.

విచారణ జరిగింది. మినహాయింపు పత్రముపై సంతకము కాకమునుపే ఊడ్చుట, మైనును ఆమోదిత తాడుతో గాక మాపులతో ఎదుర్కొనుట, ఉన్నతాధికారి ఆజ్ఞను వాయిదా వేయుట అని వాగీశం మూడు ఆరోపణలు చదివాడు. కూర్మారావు మూడూ ఒప్పుకున్నాడు. శిక్ష వేస్తే మాపులు పట్టుకున్నవాళ్ళకి వేయొద్దని, ఆ పని తనే చేయించాననీ చెప్పాడు.

“సార్ చేయించలేదు. మాపు నేనే తీసుకున్నాను” అంది నజ్మా లేచి.

మంత్రిగారి నుంచి తీర్పు వచ్చింది. ‘ఫలితమే ప్రతిష్ఠ’ పథకం ఆశించిన దానికన్నా ఎక్కువ ఫలితాలు ఇచ్చినందున విజయవంతంగా ముగించడమైనది. కూర్మారావు మీద చర్య అవసరం లేదు. అయితే ఆయన అనుమతి లేకుండా తీసిన మైన్లు లెక్కలోకి రావు గనుక ‘నిశ్చింత’కు సున్నా మార్కులు ఖాయపరచడమైనది. కల్యాణ మండపం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ ఓడ చుట్టూ ఏం తేలుతుందోనని పెళ్ళివారెవరూ ముందుకు రాలేదట. వాగీశానికి వీడ్కోలు సభ చేసి, శాలువా కప్పి, బ్యాండు వాయించి పంపించారు.

కొన్నాళ్ళకి ఒక ఆదివారం కూర్మారావు వరండాలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఉన్నట్టుండి లేచాడు. పెరట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, కనబడ్డ బకెట్లన్నీ నింపడం మొదలెట్టాడు. బకెట్లు అయిపోయాయి. గంగాళం నింపాడు. బిందెలు నింపాడు.

హైమవతి వంటింట్లోంచి వచ్చి చూసింది. “రేపు కుళాయి రాదన్నారా?”

ఆయన చంకలో ఉన్న పేపరు అందించాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. డాక్టర్ వాగీశాన్ని రాష్ట్ర అగ్నిమాపక శాఖకు సంచాలకులుగా నియమించారు. మంటలు లేక నిరుపయోగంగా పడి ఉన్న ఫైరింజన్ల నుంచి ఈ ఏడాదిలోనే గణనీయమైన ఫలితాలు రాబడతానని ఆయన విలేకరులకు చెప్పాడు.

ఆవిడ పేపరు మడిచి గూట్లో పెట్టింది. చీర కొంగు నడుముకి దోపుకుంది.

“అటక మీద పాత బియ్యం డబ్బాలు రెండున్నాయి. ఉండండి, అవీ దించుతాను.”